చిన్నపిల్లలకు పళ్లు తోమడానికి ఒడి చిట్కా

మా రెండేళ్ల దానికి బ్రష్ చేయాలంటే రోజూ కురుక్షేత్రమే. ఎదురుగా నిలబెడితే బ్రష్‌ని కొరికి పట్టుకునేది, దవడ పళ్లు ఎప్పుడూ మిగిలిపోయేవి.

ఇప్పుడు నేను కింద కూర్చుని, తల నా ఒడిలోకి వచ్చేలా తనని వెల్లకిలా పడుకోబెడుతున్నాను. పైనుంచి చూస్తే చివరి పన్ను దాకా కనిపిస్తుంది. చూపుడు వేలితో పై పెదవి కాస్త ఎత్తి, చిగుళ్ల అంచున బ్రష్‌ని చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పాలి. పాచి ఎక్కువగా దాక్కునేది అక్కడే. ఫ్లోరైడ్ పేస్టు బియ్యపు గింజంత చాలు, 3 ఏళ్లు దాటాక బఠాణీ గింజంత. ప్రకటనల్లోలా బ్రష్ పొడవునా పెడితే సగం పొట్టలోకే పోతుంది! అయ్యాక లేపి కూర్చోబెట్టి నురగ తడిగుడ్డతో తుడిచేస్తాను. పొద్దున ఎలా ఉన్నా, రాత్రి పడుకునే ముందు మాత్రం మానను.

ముక్కు దిబ్బడేసినప్పుడు ఇది కుదరదు, ఊపిరాడక ఏడుస్తారు. ఆ రోజుల్లో కూర్చోబెట్టే తోమండి. ఎంత తోమినా పోని సున్నం లాంటి తెల్ల మచ్చలు కనిపిస్తే మాత్రం గట్టిగా రుద్దకుండా డెంటిస్టుకు చూపించండి, పుచ్చు అలాగే మొదలవ్వచ్చు.