పాత ఎస్‌యూవీ కొనబోతున్నారా? ముందు గేర్‌బాక్స్ సంగతి తేల్చుకోండి

పోయిన వారం చిత్తూరు నుంచి ఒకావిడ బస్సెక్కి తిరుపతిలో బైరాగిపట్టెడలోని మా ఇంటికి వచ్చారు. కొడుకు అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో చదువుతున్నాడు. కూర్చోగానే సంచీలోంచి ఫోను తీసి, అక్కడి షెడ్డువాళ్లు ఇచ్చిన అంచనా కాగితం ఫొటో చూపించారు. గేర్‌బాక్స్ మార్పిడికి, కూలీతో కలిపి, 5,860 డాలర్లు. కారు కొన్నది 8,900కు. కొని నాలుగు నెలలైంది. "మావాడు కొత్తవాడని ఎక్కువ చెబుతున్నారా బాబూ?" అని అడిగారు. లేదమ్మా, ఆ పనికి అక్కడ అంతే అవుతుందని చెప్పాను. ఆవిడ ఇంకేమీ అనలేదు. ఫోను సంచీలో పెట్టుకుని, మంచినీళ్లు తాగి, మూడున్నర బస్సుకు వెళ్లిపోయారు.

ఆ రాత్రే ఇది రాయడం మొదలుపెట్టాను. కొలంబస్‌లో పదకొండేళ్లు ఉండి వచ్చినవాణ్ణి. ఏటా జులైలో ప్రయాణానికి ముందు మన పిల్లలు నా దగ్గరకు వస్తారు. ఏ పచ్చడి విమానంలో తీసుకెళ్లవచ్చో అడుగుతారు, ఎన్ని స్వెట్టర్లు కావాలో అడుగుతారు. కారు గురించి మాత్రం అడగరు. అది అక్కడికి వెళ్లాక సీనియర్లు చూసుకుంటారని ధీమా. లైసెన్సు, ఇన్సూరెన్సు, బ్యాంకు ఖాతా లాంటివి సీనియర్లు నిజంగానే చెబుతారు. వాటి జోలికి నేను పోను.

ఇక్కడ మనం పాత బండి ఎలా కొంటామో ఒకసారి గుర్తు చేసుకోండి. అమ్మేవాడు ఎవరికో ఒకరికి తెలిసినవాడై ఉంటాడు. బండిని ఇన్నాళ్లు చూసిన మెకానిక్ లీలామహల్ సర్కిల్ దగ్గరో, రేణిగుంట రోడ్డులోనో దొరుకుతాడు. అనుమానం ఉంటే అలిపిరి నుంచి రెండో ఘాట్ రోడ్డు మీదుగా ఒకసారి కొండకు తీసుకెళ్తాం. పైకి చేరేలోపు ఇంజిన్ తన ఆరోగ్యమంతా చెప్పేస్తుంది. అప్పటికీ మాట తేడాగా ఉంటే "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అని అడుగుతాం. ఆ ఒక్క మాటకు తడబడేవాళ్లను నేను చూశాను. అక్కడ మీకు తెలిసినవాడు లేడు, కొండ లేదు, వినాయకుడి ముందు నిలబెట్టే వీలూ లేదు. అమ్మేవాడి నోటిమాటను పట్టుకుని వేల డాలర్లు పోయకండి. అతను చెడ్డవాడని కాదు. అతనికే తన బండి సంగతి తెలియకపోవచ్చు.

నా సంగతి చెబుతాను. 2013 డిసెంబరులో ఒక ఇంటి ముందు నిలిపి ఉన్న ఎస్‌యూవీని 6,500 డాలర్లకు కొన్నాను. నేను వెళ్లేసరికే ఇంజిన్ నడుస్తోంది. చలి కదా, నాకోసం వేడి చేసి పెట్టాడనుకుని సంతోషించాను. డాష్‌బోర్డు మీద ఒక్క హెచ్చరిక దీపం కూడా లేదు. పదకొండో రోజు రాత్రి హైవే ఎక్కే దారిలో యాక్సిలరేటర్ నొక్కితే ఇంజిన్ అరుస్తోంది, బండి మాత్రం కదలడం లేదు. వెనక లారీ దీపాలు అద్దం నిండా నిండిపోయాయి. ఎలాగో పక్కకు తీశాను. షెడ్డులో 4,200 అన్నారు. పుత్తూరు నుంచి వచ్చిన నా గదిమిత్రుడు తన రెండో సెమిస్టరు ఫీజు కోసం దాచుకున్న డబ్బు ఇచ్చాడు. అది తీర్చడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది.

ఆ షెడ్డు మెకానిక్ నాకు రెండు సంగతులు చూపించాడు. మొదటిది: వేడెక్కిన ఇంజిన్ చాలా లోపాలను దాచిపెడుతుంది. చల్లగా ఉన్నప్పుడు మొదటిసారి స్టార్ట్ చేస్తేనే ఇంజిన్ లోపలి గొలుసు చప్పుడు, పొగ, వణుకు బయటపడతాయి. అందుకే ఇప్పుడు ఎవరికైనా నా మొదటి మాట ఇదే: వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మరో రోజు పొద్దున్నే వస్తానని చెప్పి వెనక్కి రండి. రెండోది: హెచ్చరిక దీపాన్ని ఎవరైనా చెరిపేయవచ్చు. అమెరికాలో 1996 నుంచి అమ్మిన ప్రతి కారులో స్టీరింగు కింద ఒక సాకెట్ ఉంటుంది. దానికి తగిలించి, కారు కంప్యూటరు రాసుకున్న తప్పులను చదివే చిన్న రీడర్ ఇరవై ముప్పై డాలర్లకు దొరుకుతుంది. తప్పుల జాబితా ఖాళీగా ఉందని సంబరపడకండి. అదే రీడర్‌లో కారు సొంతంగా చేసుకునే పరీక్షల పట్టీ ఉంటుంది. వాటిలో చాలావాటికి ఎదురుగా 'సిద్ధంగా లేదు' అని కనిపిస్తే, ఆ కంప్యూటరు జ్ఞాపకాన్ని ఎవరో ఈమధ్యే తుడిచేశారని, లేదా బ్యాటరీ తీసి పెట్టారని అర్థం. కొన్నాళ్లు నడిపితే గానీ అవి మళ్లీ నిండవు.

ఇక అసలు భయం దగ్గరకు వస్తాను. నా భార్య ఎప్పుడూ అంటుంది, నీకు గేర్‌బాక్స్ తప్ప మరో మాట లేదని. నిజమే, లేదు. అక్కడ కాంపాక్ట్ ఎస్‌యూవీలలో చాలావాటికి సీవీటీ అనే రకం ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉంటుంది. అందులో మనకు తెలిసిన మెట్లుమెట్లుగా మారే గేర్లు లేవు. రెండు కప్పీలు, వాటి మధ్య బిగుతుగా తిరిగే ఉక్కు పట్టీ, లేదా గొలుసు. కప్పీ సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటే బండి వేగం మారుతుంది. పట్టీ జారకుండా ఉండాలంటే దానికని చేసిన ప్రత్యేకమైన ఆయిల్ ఉండాలి. వేడికి ఆ ఆయిల్ పాడవుతుంది. పాడైతే పట్టీ జారుతుంది, జారితే ఉక్కు అరుగుతుంది, ఆ రజను మళ్లీ ఆ ఆయిల్‌లోనే తిరుగుతుంది. ముప్పై వేల నుంచి అరవై వేల మైళ్ల మధ్య ఒకసారి దాన్ని మార్చాలని అనుభవమున్న మెకానిక్‌లు చెబుతారు. మార్చడానికి రెండు మూడు వందల డాలర్లు. మార్చకపోతే ఆ తల్లి ఫోనులో ఉన్న అంకె. మన ఊళ్లో అయితే విప్పి, అరిగిన భాగం మార్చి, మళ్లీ బిగిస్తారు. అక్కడ గంట కూలీ వంద డాలర్లకు పైనే కాబట్టి ఎక్కువ షెడ్లు విప్పవు, మొత్తం పెట్టెనే మార్చేస్తాయి.

అందువల్ల అమ్మేవాణ్ణి మీరు అడగవలసిన ప్రశ్న 'ఎన్ని మైళ్లు తిరిగింది?' కాదు. 'గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చారు? రసీదు ఉందా?' అని అడగండి. ఇంజిన్ ఆయిల్ రసీదులు చూపించి మాట మార్చేస్తారు. అది వేరు, ఇది వేరు. నడిపి చూసేటప్పుడు బ్రేకు మీద కాలుంచి పార్కు నుంచి రివర్సుకు, రివర్సు నుంచి డ్రైవుకు మార్చండి. ఆలోచించి కదిలినట్టు ఆలస్యమైనా, దబ్బున కుదిపినా గుర్తుపెట్టుకోండి. ఇరవై నుంచి నలభై మైళ్ల వేగంలో యాక్సిలరేటర్‌ను మెల్లగా నొక్కుతూ పోండి. గులకరాళ్ల మీద పోతున్నట్టు సన్నని వణుకు వస్తే బేరం అక్కడితో ఆపేయండి. పది నిమిషాలు కాదు, కనీసం అరగంట నడపండి, ఆయిల్ వేడెక్కాలి. కొలంబస్ బల్లపరుపు ఊరు. ఘాట్ రోడ్డు లేదని వదిలేయకండి, అంతస్తుల పార్కింగు భవనంలో ర్యాంపు ఎక్కించండి.

ఏ బండి మంచిదని అడుగుతారు, తెలుసు. 2014 నుంచి 2018 వరకు వచ్చిన నిస్సాన్ రోగ్‌ల సీవీటీకి కంపెనీయే వారంటీని 84 నెలలకు, లేదా 84,000 మైళ్లకు పెంచింది. ఇప్పుడు మీ చేతికి వచ్చేవాటిలో దాదాపు అన్నింటికీ ఆ గడువు తీరిపోయి ఉంటుంది. చవకగా కనిపించడానికి ఒక కారణం అది. మాజ్దా సీఎక్స్-5లోనూ, 2013 నుంచి 2018 వరకు వచ్చిన టొయోటా రావ్4లోనూ ఆరు గేర్ల మామూలు ఆటోమేటిక్ ఉంటుంది. రావ్4 హైబ్రిడ్ గేర్‌బాక్స్‌ను కూడా సీవీటీ అనే పిలుస్తారు కానీ అందులో పట్టీ లేదు, పళ్ల చక్రాలే. దానికి భయపడనక్కర లేదు. 2017, 2018 హోండా సీఆర్-వీ 1.5 టర్బోలో ఇబ్బంది గేర్‌బాక్స్‌తో కాదు. చలి ప్రాంతాల్లో తక్కువ దూరాలు తిప్పితే ఇంజిన్ ఆయిల్‌లోకి పెట్రోలు దిగుతుంది. ఆయిల్ పుల్ల బయటికి తీసి వాసన చూస్తే తెలుస్తుంది. కొన్ని హ్యుందాయ్, కియా బండ్ల 2.4 లీటర్ల ఇంజిన్ల మీద పెద్ద రీకాల్‌లు జరిగాయి, అంటే లోపం ఉందని కంపెనీయే బండ్లను వెనక్కి పిలిపించింది. కారుకు ఉండే 17 అక్షరాల విన్ నంబరును అక్కడి ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో కొడితే పెండింగు రీకాల్ ఏదైనా ఉంటే చూపిస్తుంది. డబ్బు అక్కర లేదు, ఆ మరమ్మతు కూడా ఉచితమే.

అయితే 'టొయోటా అయితే కళ్లు మూసుకుని కొను' అని చెప్పే సీనియరు మాట వినకండి. పేరు చూసి రెండు మూడు వేలు ఎక్కువ అడుగుతారు. ఆయిల్ మార్చని మంచి పేరున్న బండి కంటే, ప్రతి రసీదూ ఉన్న మామూలు బండి నయం. కళ్లు తెరిచే కొనాలి, అదీ నేల మీద పడుకుని. ఒహాయోలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మనం ఎప్పుడూ చూడనిది కాబట్టి మనవాళ్లకు ఆ ఊహే రాదు. టార్చి వేసి బండి అడుగు చూడండి. పైపైన ఎర్రగా ఉంటే ఫరవాలేదు. వేలితో గీస్తే తుప్పు పెచ్చులుగా రాలుతుంటే, ముఖ్యంగా బ్రేకు గొట్టాల దగ్గర, లేచి వచ్చేయండి.

ఇవన్నీ మీరు చూశాక కూడా అమ్మేవాడికి సంబంధం లేని మెకానిక్‌తో తనిఖీ చేయించండి. వంద నుంచి రెండు వందల యాభై డాలర్లు. చిత్తూరు కుర్రాడు అదే మానేశాడు. ఎందుకు మానేశావురా అని ఫోనులో అడిగితే, "అన్నా, 150 డాలర్లంటే పన్నెండు వేలకు పైనే కదా" అన్నాడు. ఈ లెక్క నాకు కోపం తెప్పిస్తుంది. కారు ధరను డాలర్లలో చూస్తారు, తనిఖీ ఖర్చును రూపాయల్లో చూస్తారు! తనిఖీకి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర ఇంకొక్క నిమిషం నిలబడకండి. డీలరు దగ్గరైతే అద్దానికి అంటించిన కాగితం చదవండి. 'యాజ్ ఈజ్' అని ఉంటే గేటు దాటాక ఏం జరిగినా ఖర్చు మీదే. మూడు రోజుల్లో వెనక్కి ఇచ్చేయవచ్చని ఎవరో చెబుతూ ఉంటారు. డీలరు రాసి ఇస్తే తప్ప మామూలుగా అలాంటి హక్కు లేదు. సొంతదారు దగ్గర కొంటే ఒహాయోలో టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద అతని సంతకం నోటరీ ముందే జరగాలి, ముందుగా సంతకం చేసిన కాగితం తీసుకోకండి.

చేతిలో తొమ్మిది వేలు ఉంటే ఏడున్నర వేల బండి చూడండి. మిగిలినది టైర్లకు, బ్యాటరీకి, బ్రేకులకు. నాలుగు చక్రాలకూ శక్తి అందే రకమైతే ఒక్క టైరు మార్చి సరిపెట్టలేరు, నాలుగూ ఒకే అరుగుదలలో ఉండాలి. అవసరం లేకపోతే ఆ రకం కొనకండి.

ఇంత రాశాక ఒక మాట ఒప్పుకోక తప్పదు. ఎక్కువ బండ్లు బాగానే నడుస్తాయి. నా రెండో కారును 94,000 మైళ్ల దగ్గర కొన్నాను, పైన చెప్పినవన్నీ చూసి. 1,87,000 దగ్గర అమ్మేశాను. మధ్యలో బ్రేకులు, టైర్లు, రెండు బ్యాటరీలు, ఒక చక్రం బేరింగు, అంతే. మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు మంచులో ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆ బండే.

చిత్తూరు కుర్రాడు పాతదాన్ని ఉన్నదున్నట్టు 2,700కు అమ్మేశాడు. ఈ శనివారం పొద్దున పది గంటలకు ఒక 2015 సీఎక్స్-5 చూడటానికి వెళ్తున్నాడు. టార్చి కొన్నాడు, రీడర్ కొన్నాడు. బండి కిందికి దూరాక వీడియోలో పిలవమన్నాను. అప్పుడు మనకు రాత్రి ఏడున్నర. వాళ్లమ్మ కూడా చూస్తానన్నారు, ఆ పూటకు మా ఇంటికే వస్తున్నారు.