మోర్స్ నవలలు ముందా, సీరియల్ ముందా: చదివే, చూసే క్రమం

ఆక్స్‌ఫర్డ్‌లో నేరాలు ఛేదించే పోలీసు డిటెక్టివ్ కథానాయకుడిగా కోలిన్ డెక్స్‌టర్ రాసిన ఇన్‌స్పెక్టర్ మోర్స్ నవలలు మొత్తం 13. అవి 1975లో ‘లాస్ట్ బస్ టు ఉడ్‌స్టాక్’తో మొదలై, 1999లో ‘ద రిమోర్స్‌ఫుల్ డే’తో ముగిశాయి. జాన్ థా కథానాయకుడిగా బ్రిటన్‌లోని ఐటీవీ ఛానల్ 1987 నుంచి 2000 వరకు ప్రసారం చేసిన సీరియల్‌లో 33 భాగాలున్నాయి కనుక, చాలా భాగాలకు మూలంగా నవలే లేదని లెక్కే చెబుతోంది. విశాఖపట్నంలో ఈ రెండింటినీ కొత్తగా మొదలుపెట్టదలచిన వారు ముందుగా క్రమాన్ని నిర్ణయించుకోవాలి.

నవలలను అచ్చయిన వరుసలోనే చదవండి. సీరియల్ ఆ వరుసను పాటించలేదు. 1981 నాటి నవల ‘ద డెడ్ ఆఫ్ జెరికో’తో మొదలై, తొలి నవలను 1988లో గాని తెరకెక్కించలేదు. కాబట్టి ఒక నవల పూర్తయ్యాక దాని భాగాన్ని మాత్రమే వెతికి చూడడం మేలు. పుస్తకాల కోసం ముందు ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో విచారించి, దొరకనివే కొనుక్కోవచ్చు. సీతమ్మధారలోనో ఎం.వి.పి. కాలనీలోనో నలుగురు స్నేహితులు ఒకే ప్రతిని చేతులు మార్చుకుంటూ చదివేటట్లయితే, ముందుగా ముగించినవారు నోరు విప్పకూడదన్న షరతు పెట్టుకోవాలి.

చదివే పద్ధతిలో ఒక మెలకువ ఉంది. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్‌తో పెరిగిన మనం డిటెక్టివ్ నోట వచ్చిన మాటను నమ్మడానికి అలవాటు పడ్డాం. మోర్స్ అలా కాదు. క్రాస్‌వర్డ్ నింపేవాడు తొందరపడి ఒక మాట రాసేసి, అడ్డం గళ్లు కుదరక కొట్టేసినట్టు, ఆయన ఒక సిద్ధాంతాన్ని అద్భుతంగా అల్లి, తన సహాయకుడు సార్జెంట్ లూయిస్ తెచ్చిన ఒక్క చిన్న వివరంతో దాన్ని వదులుకుంటాడు. డెక్స్‌టర్ స్వయంగా క్రాస్‌వర్డ్ ప్రియుడు; మోర్స్, లూయిస్ అనే పేర్లు కూడా క్రాస్‌వర్డ్ పోటీల్లో పాల్గొన్నవారివే. అందుచేత మోర్స్ మొదటిసారి ఘంటాపథంగా నేరస్థుణ్ణి తేల్చిచెప్పిన చోట పుస్తకం మూసి, మీ అనుమానాన్నీ, దానికి ఆధారమైన పేజీ సంఖ్యనూ చీటీ మీద రాసుకుని, ఆ తర్వాతే ముందుకు సాగండి. ఆక్స్‌ఫర్డ్ వీధులు మనకు జగదాంబ కూడలిలా కాలికి తెలిసినవి కావు గనుక, పక్కన ఒక పటం ఉంచుకోవడం అవసరం.

సీరియల్ చూసేటప్పుడు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ తప్పక పెట్టుకోండి. లూయిస్ వేషం వేసిన కెవిన్ వేట్లీ ఉత్తర ఇంగ్లండ్ యాస మన చెవికి వెంటనే పట్టుబడదు. నవలల్లోని లూయిస్, మోర్స్ ఈడువాడైన వేల్స్ మనిషి కాగా, తెర మీది లూయిస్ చాలా చిన్నవాడు. తొలి నవలల్లోని లాన్సియా కారు తెర మీద జాగ్వార్ అయింది. తర్వాతి నవలల్లో డెక్స్‌టర్ కూడా జాగ్వార్‌కే మారిపోయారు. ఇలాంటి మార్పులను తప్పులుగా లెక్కపెట్టడం కంటే, ఏ ఆధారాన్ని దర్శకుడు కంటికి చూపించాడో, దేన్ని సంభాషణలోకి నెట్టాడో గమనిస్తే చర్చ రక్తి కడుతుంది.

రెండు చోట్ల మాత్రం ఈ క్రమం వర్తించదు. 1987 నాటి ‘ద వుల్వర్‌కోట్ టంగ్’ భాగమే ముందు వచ్చింది. అదే కథను డెక్స్‌టర్ మార్చి 1991లో ‘ద జ్యుయెల్ దట్ వాజ్ అవర్స్’ నవలగా రాశారు. అక్కడ భాగం చూశాకే పుస్తకం తెరవండి. ఇక ‘ద సీక్రెట్ ఆఫ్ అనెక్స్ 3’ తెర మీద పేరుతో సహా మారిపోయింది గనుక ఏది ముందైనా పెద్ద నష్టం లేదు.

‘లూయిస్’ అనే తరువాయి సీరియల్‌ను మాత్రం 13వ నవల ముగిసేదాకా ముట్టుకోకండి, ఎందుకంటే ఆ నవల ముగింపును అది దాచదు. మోర్స్ యౌవనాన్ని చూపే ‘ఎండెవర్’ను కూడా ఆ తర్వాతకే ఉంచడం మంచిది, 1996 నాటి నవల దాకా రచయిత దాచి ఉంచిన మోర్స్ మొదటి పేరు ఆ సీరియల్ శీర్షికలోనే బయటపడిపోతుంది.