నీడ లేని వార్డులకే ముందు మొక్కలు: గోదావరి డెల్టా పట్టణాల్లో చెట్ల ప్రణాళిక

ముందు నీడ లెక్క తీయండి. ఉపగ్రహ చిత్రంలో వార్డు హద్దు గీసి, ఎంపిక లేకుండా వంద చుక్కలు చల్లాలి. ఐ-ట్రీ కానోపీ అనే వెబ్‌సైట్‌లో ఈ పని ఉచితంగా చేసుకోవచ్చు. పది చుక్కలు చెట్ల మీద పడితే నీడ 10 శాతం. దీనికి ప్రామాణిక దోషం (వంద చుక్కలతోనే అంచనా కట్టడం వల్ల వచ్చే తేడా) అటూ ఇటూ 3 శాతం, కాబట్టి 9కీ 11కీ మధ్య తేడాను పట్టించుకోవద్దు. పట్టణం అంచున కొబ్బరితోటలను విడిగా లెక్కించండి. వాటివల్ల వార్డు పచ్చగా కనిపిస్తుంది గానీ ఆ నీడ వీధిలోకి రాదు.

ఖాళీ దొరికిన చోటల్లా నాటుకుంటూ పోతే వెడల్పు రోడ్లున్న కాలనీలకే మళ్లీ నీడ చేరుతుంది. అందుకే నీడ లెక్కలో అట్టడుగున ఉన్న వార్డులకే మొక్కల్లోనూ నీళ్ల డబ్బులోనూ మొదటి వాటా కేటాయించండి. ఇరుకు పేటల్లో బడి, అంగన్‌వాడీ, కుళాయి, చెరువుగట్టు దగ్గర చోటు వెతకాలి. కాలువగట్ల మీద పట్టాల్లేని కుటుంబాలకు, మొక్కల పేరుతో ఖాళీ చేయిస్తారేమోనన్న భయం ఉంటుంది. గుంత తవ్వక ముందే పొదుపు సంఘాల మహిళలతో కూర్చుని మాట్లాడండి. వద్దన్న చోట నాటకండి.

నీరు నిలిచే చోట తెల్లమద్ది, నేరేడు; నరసాపురం వైపు ఉప్పు నేలల్లో గంగరావి, కానుగ; కరెంటు తీగల కింద పారిజాతం. తురాయి, నిద్రగన్నేరు వీధుల్లో వద్దు, తుపాను గాలికి కొమ్మలు విరిగిపడతాయి. కడియం నర్సరీల్లో కొనేటప్పుడు ఒకటి రెండు సంచులు కోసి చూడండి. వేర్లు చుట్లు తిరిగి ఉంటే ఆ మొక్కలు వద్దు, అవి పెద్దయ్యాక నేలను సరిగా పట్టుకోలేవు.

నాటడానికి జూలై, ఆగస్టు మంచివి. గుంతను వేరుముద్దకు రెండింతల వెడల్పుతో తవ్వండి, లోతు మాత్రం ముద్దకు మించనివ్వకండి. లోతెక్కువైతే రేగడిలో నీరు తొట్టెలో నిలిచినట్టు నిలిచి వేరు కుళ్లుతుంది. ఊట పైకున్న చోట అడుగెత్తు మట్టిదిబ్బ పోసి నాటాలి. రెండు సరుగుడు కర్రలు పాతి కొబ్బరితాడు వదులుగా కట్టండి, ఏడాదికి విప్పేయండి. మేకలు తిరిగే వీధిలో దడి తప్పనిసరి.

అసలు పరీక్ష వేసవిలో, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర కాలువలకు నీళ్లు ఆపేశాక వస్తుంది. మొక్కకు 20 లీటర్లు, వారానికి రెండుసార్లు పోయాలి. 500 మొక్కలకు వారానికి 20,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకరు నాలుగు ట్రిప్పులు. మూడు వేసవుల ఖర్చు ముందే పక్కన పెట్టలేకపోతే 200 మొక్కలతోనే ఆగండి.

ఏటా జూన్‌లో బతికిన మొక్కలను వార్డువారీగా లెక్కించండి. చచ్చిన ప్రతి మొక్కకూ కారణం రాయండి: మేకా, నీటి ఎద్దడా, డ్రైనేజీ తవ్వకమా? ఆ కారణం సరిచేశాకే అదే గుంతలో మళ్లీ నాటండి.