ఉబుంటు సర్వర్‌ను బ్రౌజర్‌లోంచి చూసుకోవడం ఎలా? కాక్‌పిట్ పెట్టుకునే పద్ధతి

బెంగళూరులో మారతహళ్లి పీజీలో ఉంటూ క్లౌడ్‌లో చిన్న సర్వర్ నడుపుకునేవాళ్లకి కాక్‌పిట్ చక్కగా సరిపోతుంది. ఇది సర్వర్‌ని బ్రౌజర్‌లోంచి నడిపించే ఉచిత టూల్. సొంతంగా సెట్టింగులు దాచుకోదు, సిస్టమ్‌లో ఉన్నదే చూపిస్తుంది. అందుకే టెర్మినల్‌లో మార్చింది ఇక్కడా కనిపిస్తుంది.

ముందు సర్వర్‌లోకి ఎస్ఎస్‌హెచ్‌తో (టెర్మినల్‌లోంచి దూరపు సర్వర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) వెళ్లి ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’, తర్వాత ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ కాక్‌పిట్’ కొట్టండి. చాలామంది ఆగిపోయేది దీని తర్వాతే. క్లౌడ్ ఇమేజ్‌లో ‘ఉబుంటు’ యూజర్‌కి పాస్‌వర్డే ఉండదు, కీ ఫైలుతోనే లాగిన్. కాక్‌పిట్ మాత్రం పాస్‌వర్డ్ అడుగుతుంది. కాబట్టి ‘సుడో పాస్‌డబ్ల్యూడీ ఉబుంటు’ అని కొట్టి గట్టి పాస్‌వర్డ్ పెట్టండి.

కాక్‌పిట్ పోర్టు, అంటే కనెక్షన్ వచ్చే తలుపు నంబరు, 9090. దాన్ని ఫైర్‌వాల్‌లో లోకమంతటికీ తెరవకండి, ఇది ఖచ్చితంగా పాటించాల్సిన విషయం. ఆ లాగిన్ పేజీ వెనక సర్వర్ మొత్తం ఉంది. మీ ఐపీకి మాత్రమే తెరుద్దామన్నా పీజీ వైఫైలో ఐపీ మారిపోతూ ఉంటుంది, నిన్న తెరిచింది ఇవాళ పనిచేయదు. టన్నెల్ వాడండి, అంటే ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్ లోంచే కాక్‌పిట్‌కి దారి. ల్యాప్‌టాప్‌లో కొట్టాల్సింది ఇది:

ఎస్ఎస్‌హెచ్ -ఎల్ 9090:లోకల్‌హోస్ట్:9090 ఉబుంటు@సర్వర్ ఐపీ

‘ఎల్’ పెద్ద అక్షరం. కీ ఫైలు వేరేచోట ఉంటే ‘-ఐ’ పెట్టి దాని దారి ఇవ్వండి. ఆ కిటికీ మూసేస్తే టన్నెల్ కూడా పోతుంది. ఇప్పుడు బ్రౌజర్‌లో హెచ్‌టీటీపీఎస్‌తో లోకల్‌హోస్ట్:9090 తెరవండి. సర్టిఫికెట్ హెచ్చరిక వస్తుంది. సర్వర్ తనకు తానే తయారుచేసుకున్న సర్టిఫికెట్ కాబట్టి అలా అంటుంది. టన్నెల్‌లోంచి వెళ్తున్నారు గనక ముందుకు సాగిపోవచ్చు.

పేజీ రాకపోతే 9090ని ఇంకెవరో పట్టుకున్నారేమో చూడండి. సర్వర్ల పనితీరు లెక్కలు చూసే ప్రొమీథియస్ అనే ప్రోగ్రామ్‌దీ ఇదే పోర్టు. అది ల్యాప్‌టాప్‌లో నడుస్తుంటే ఎడమవైపు అంకెను 9091 చేసి, బ్రౌజర్‌లోనూ అదే ఇస్తే చాలు. సర్వర్‌లోనే నడుస్తుంటే ‘సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ కాక్‌పిట్.సాకెట్’ తెరిచి, సాకెట్ విభాగం కింద ‘లిజన్‌స్ట్రీమ్=’ అని ఖాళీగా ఒక వరుస, దాని కింద ‘లిజన్‌స్ట్రీమ్=9099’ రాసి, సాకెట్‌ని రీస్టార్ట్ చేయండి. ఖాళీ వరుస లేకపోతే పాత పోర్టు పోదు. టన్నెల్‌లో కుడివైపు అంకె కూడా 9099 చేయాలి.

లోపలికి వెళ్లాక పైన ‘లిమిటెడ్ యాక్సెస్’ కనిపిస్తే దాన్ని నొక్కి, అడిగితే పాస్‌వర్డ్ ఇవ్వండి. అప్పటిదాకా చూడ్డమే తప్ప ముఖ్యమైనవేవీ మార్చలేరు. ‘సర్వీసెస్’లో ఫెయిల్ అయినవి విడిగా తెలుస్తాయి, పేరు నొక్కితే లాగ్ అక్కడే. ముందు లాగ్ చదవండి, తర్వాతే రీస్టార్ట్.

‘ఓవర్‌వ్యూ’లో సమయం మీద నొక్కి టైమ్‌జోన్ మార్చుకోండి. క్లౌడ్ సర్వర్లు సాధారణంగా యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఉంటాయి, రాత్రి 9 గంటలకు జరిగింది 15:30గా కనిపిస్తుంది. జాబితాలో బెంగళూరు కోసం వెతకొద్దు, ‘ఆసియా/కోల్‌కతా’ ఎంచుకోండి. పక్కనే రీబూట్ బటన్‌లో షట్‌డౌన్ కూడా ఉంటుంది. పొరపాటున అది నొక్కితే మళ్లీ ఆన్ చేయడానికి క్లౌడ్ కన్సోల్‌కే వెళ్లాలి.

అప్‌డేట్స్ పేజీలో నెట్ లేదన్నట్టు ఎర్రర్ రావచ్చు. నెట్ ఉంటుంది. ఉబుంటు సర్వర్‌లో నెట్‌వర్క్‌ని చూసేది నెట్‌వర్క్‌డీ అనే ప్రోగ్రామ్, అప్‌డేట్స్ భాగం అడిగేది నెట్‌వర్క్‌మేనేజర్ అనే వేరే ప్రోగ్రామ్‌ని, అందుకే నెట్ లేదనుకుంటుంది. కాక్‌పిట్‌లోనే ఉన్న టెర్మినల్ తెరిచి ‘సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్’ కొడితే పని అయిపోతుంది.