పాత మోపెడ్ కార్బురేటర్ విప్పే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

హన్మకొండ, వరంగల్ ఇళ్లలో ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న లూనా, టీవీఎస్ 50 వంటి బండ్లను మళ్లీ నడిపించాలనుకునేవారు కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) విప్పడానికి పానా పట్టుకునే ముందు చోటు చూసుకోవాలి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువైనది కాబట్టి నేల వెంట పాకి దూరంగా ఉన్న దీపాన్ని కూడా అందుకోగలదు. మే నెల ఎండల్లో మూసిన గదిలోనో, వంటింటి పక్కనో ఈ పని పెట్టుకోకూడదు. ఇసుక బకెట్ దగ్గర ఉంచుకోవాలి, బీడీ కాల్చే మిత్రుణ్ణి దూరంగా కూర్చోబెట్టాలి.

ఇంజిన్ చల్లారాక పెట్రోల్ కాక్ (ట్యాంకు కింది కుళాయి) మూసి, ఫ్లోట్ గిన్నెలో (కార్బురేటర్ అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె) మిగిలిన పెట్రోల్‌ను మూత ఉన్న డబ్బాలోకి వంచాలి. గాలి మోతాదును సరిచేసే గాలి స్క్రూ ఉంటే, దాన్ని లోపలికి తిప్పుతూ, మెల్లగా ఆనేవరకు ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకోవాలి; నీడిల్ (పెట్రోల్ మోతాదును నియంత్రించే సూది) క్లిప్ ఏ గాడిలో ఉందో ఫోటో తీసుకోవాలి.

అసలు నష్టం జరిగేది జెట్ (పెట్రోల్ వెళ్లే సన్నని రంధ్రమున్న ఇత్తడి ముక్క) దగ్గరే. ఇత్తడి మెత్తన కనుక ఉక్కు తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై, పెట్రోల్ ఎక్కువగా వెళ్లి స్పార్క్ ప్లగ్ నల్లబడుతుంది. సన్నని నైలాన్ గాలపు దారం చాలు. క్లీనర్ స్ప్రే వాడేటప్పుడు రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి, రబ్బరు రింగులను ముందే తీసి పక్కన పెట్టాలి. ఇంజిన్ వైపు రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కాలి, బిగించే ముందు దాన్ని తీయడం మరచిపోకూడదు.