ఒకే రియల్మ్ పేరుతో రెండు ఐపీఏ సర్వర్లు: సర్టిఫికెట్ గొడవ ఎలా తీర్చాలి

నెల్లూరులో రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు, ఒంగోలులో బ్రాంచి ఆఫీసు ఉన్న ఒక సంస్థ అనుకోండి. లినక్స్ లాగిన్ల కోసం రెండు చోట్లా విడివిడిగా ఫ్రీఐపీఏ (యూజర్లు, పాస్‌వర్డ్‌లు, సర్టిఫికెట్లను ఒకేచోట నిర్వహించే సాఫ్ట్‌వేర్; క్లుప్తంగా ఐపీఏ) సర్వర్ పెట్టారు. పెట్టినవాళ్లు వేరు, కానీ రియల్మ్ (ఆ లాగిన్ వ్యవస్థ మొత్తానికి పెట్టే పేరు) రెండింటికీ ఒకటే: ఆఫీస్.ఇంటర్నల్. నెల్లూరు సర్వర్ పేజీని రోజూ వాడే అడ్మిన్ అదే ఫైర్‌ఫాక్స్‌లో ఒంగోలు సర్వర్ తెరిస్తే ‘సెక్ ఎర్రర్ రీయూజ్డ్ ఇష్యూయర్ అండ్ సీరియల్’ అని వచ్చి ఆగిపోతుంది. మామూలు హెచ్చరికల్లో ఉండే ‘రిస్క్ ఒప్పుకుని ముందుకెళ్లు’ బటన్ ఇక్కడ కనిపించదు.

సర్వర్ తానెవరో బ్రౌజర్‌కు రుజువు చేసుకునే సర్టిఫికెట్ గడువు తీరలేదు, పాడవలేదు. సర్టిఫికెట్‌ను గుర్తుపట్టేది ఇచ్చినవారి పేరు, సీరియల్ నంబరు కలిపి. ఈ జంట ఎక్కడా రెండోసారి రాకూడదని సర్టిఫికెట్ల ఇంటర్నెట్ ప్రమాణమైన ఆర్‌ఎఫ్‌సీ 5280 నియమం. ఫ్రీఐపీఏ మాత్రం తన సీఏ (సర్టిఫికెట్లు ఇచ్చి వాటిపై సంతకం పెట్టే విభాగం) పేరును రియల్మ్ నుంచే తీసుకుంటుంది: సీఎన్ (పేరు) స్థానంలో ‘సర్టిఫికెట్ అథారిటీ’, ఓ (సంస్థ) స్థానంలో రియల్మ్. సీరియల్ నంబర్లు సాధారణంగా 1 నుంచి వరుసగా ఇస్తుంది. ఇన్‌స్టాల్ జరిగే క్రమం రెండు చోట్లా ఒకటే కాబట్టి వెబ్ సర్వర్ సర్టిఫికెట్‌కు కూడా సాధారణంగా ఒకే నంబరు పడుతుంది. ఒకే గ్రామం, ఒకే సర్వే నంబరు మీద రెండు పాస్‌బుక్కులు వచ్చినట్టు. పాత సర్వర్ తుడిచేసి అదే పేరుతో మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా ఇదే జరుగుతుంది.

ముందు రోగం ఇదేనని నిర్ధారించుకోండి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ టూల్‌లోని ఎస్-క్లయింట్ కమాండ్‌తో ఒక్కో సర్వర్ 443 పోర్టుకు కనెక్ట్ అయి, వచ్చిన సర్టిఫికెట్‌ను ఎక్స్509 కమాండ్‌కు ఇచ్చి ఇష్యూయర్ (ఇచ్చినవారి పేరు), సీరియల్, షా-256 ఫింగర్‌ప్రింట్ (ఆ సర్టిఫికెట్‌కే ప్రత్యేకమైన గుర్తు) ప్రింట్ చేయించండి. ఇష్యూయర్, సీరియల్ రెండు చోట్లా ఒకటై, ఫింగర్‌ప్రింట్ వేరైతే ఇదే సమస్య. సీరియల్ వేరుగా ఉండి ‘బ్యాడ్ సిగ్నేచర్’ ఎర్రర్ వస్తుంటే అది ఇదే గొడవకు ఇంకో ముఖం: సీఏ పేరు ఒకటే, తాళం (సంతకానికి వాడే కీ) వేరు. బ్రౌజర్ పాత సీఏ తాళంతో కొత్త సంతకాన్ని సరిచూస్తోంది.

తాత్కాలికంగా పని నడవాలంటే ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో వ్యూ సర్టిఫికెట్స్ తెరవండి. అథారిటీస్ ట్యాబ్‌లో రియల్మ్ పేరు కింద ఉన్న సీఏను, సర్వర్స్ ట్యాబ్‌లో ఆ రెండు సర్వర్లకు ఇచ్చిన ఎక్సెప్షన్లను (హెచ్చరిక దాటడానికి ఇచ్చిన అనుమతులను) తీసేయండి. తర్వాత బ్రౌజర్ పూర్తిగా మూసి తెరవాలి, పాతవి మెమరీలో నిలిచి ఉంటాయి. ఫైర్‌ఫాక్స్ సర్టిఫికెట్లు దాచుకునే సర్ట్9 డాట్ డీబీ ఫైల్‌ను మొత్తంగా డిలీట్ చేయమని చెప్పేవాళ్లుంటారు. ఆ పని వద్దు. మీరు ఇంపోర్ట్ చేసుకున్న మిగతా సర్టిఫికెట్లు కూడా పోతాయి.

ఇలా తీసేసినా రెండో సర్వర్ తెరిస్తే గొడవ మళ్లీ మొదలవుతుంది. రెండూ చూడక తప్పని అడ్మిన్ అబౌట్ ప్రొఫైల్స్ పేజీలో ఒంగోలుకు ఒకటి, నెల్లూరుకు ఒకటి ప్రొఫైల్ పెట్టుకోవాలి. ప్రతి ప్రొఫైల్‌కూ సర్టిఫికెట్ డేటాబేస్ వేరు. శాశ్వత మార్పు అయ్యేదాకా ఇదే నమ్మదగిన దారి.

క్లయింట్ మెషీన్‌ను ఒక సర్వర్ నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు ఐపీఏ-క్లయింట్-ఇన్‌స్టాల్‌ను అన్‌ఇన్‌స్టాల్ ఆప్షన్‌తో నడపండి. ఆ తర్వాత ఈటీసీ కింద ఐపీఏ ఫోల్డర్‌లో సీఏ డాట్ సీఆర్‌టీ మిగిలిపోయిందేమో తప్పక చూడండి. ఉంటే పక్కకు తరలించి, అప్‌డేట్-సీఏ-ట్రస్ట్ (మెషీన్ నమ్మే సీఏల జాబితాను తాజాపరిచే కమాండ్) నడిపి, అప్పుడే కొత్త సర్వర్‌కు చేర్చండి. చేర్చడం మధ్యలో ఆగిపోవడానికి ఈ పాత ఫైలు కారణం కావచ్చు.

అసలు మందు సర్వర్ల దగ్గర ఉంది. సిబ్బంది ఒకే సంస్థవాళ్లయితే రెండు సర్వర్లు విడిగా ఉండాల్సిన అవసరమే లేదు. ఒకదాన్ని ఉంచి, రెండోదాన్ని దానికి రెప్లికా (అదే సమాచారం ఉంచుకునే జత సర్వర్) చేయండి. తుపాను వచ్చి రెండు ఊళ్ల మధ్య లింకు తెగినా ఒంగోలు రెప్లికా అక్కడి లాగిన్లు నడిపిస్తుంది. రెప్లికా ఇన్‌స్టాల్‌లో సెటప్-సీఏ ఆప్షన్ ఇస్తే సీఏ ఒకటే ఉంటుంది, సీరియల్ నంబర్లు మాత్రం సర్వర్‌కో శ్రేణి చొప్పున పంచుకుంటాయి. కాబట్టి ఢీకొనవు. తీసేసే సర్వర్ యూజర్లను మైగ్రేట్-డీఎస్ కమాండ్‌తో తెచ్చుకోవచ్చు. కెర్బెరోస్ (ఐపీఏ వాడే లాగిన్ పద్ధతి) తాళాలు దాంతో రావు, యూజర్లు మైగ్రేషన్ పేజీలో ఒకసారి పాస్‌వర్డ్ కొట్టాలి. ఈ సంగతి వాళ్లకు ముందే చెప్పండి.

నిజంగా విడిగానే ఉండాలంటే ఒకదాన్ని కొత్త పేరుతో మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిందే. ఇన్‌స్టాల్ అయ్యాక రియల్మ్ పేరు మార్చడానికి వీల్లేదు. ముందు ఐపీఏ-బ్యాకప్ తీసి ఆ ఫైళ్లను, రూట్ ఫోల్డర్‌లోని సీఏసర్ట్ డాట్ పీ12 ఫైల్‌ను (సీఏ తాళం, సర్టిఫికెట్ ఉండేది) వేరే మెషీన్‌కు కాపీ చేయండి. కొత్త ఇన్‌స్టాల్‌లో రియల్మ్, డీఎన్‌ఎస్ డొమైన్ రెండూ మార్చండి: ఒంగోలు.ఆఫీస్.ఇంటర్నల్ లాగా. రెండు ఐపీఏలు ఒకే డొమైన్‌లో ఉంటే ఎస్‌ఆర్‌వీ రికార్డులు (సర్వర్ ఎక్కడుందో క్లయింట్లకు చెప్పే డీఎన్‌ఎస్ ఎంట్రీలు) కలిసిపోయి క్లయింట్లు తప్పు సర్వర్‌ను పట్టుకుంటాయి. సీఏ-సబ్జెక్ట్ ఆప్షన్‌లో ఊరి పేరు కనిపించే పేరు ఇస్తే సర్టిఫికెట్ చూడగానే ఎక్కడిదో తెలుస్తుంది.

ఫ్రీఐపీఏ 4.10 వెర్షన్ నుంచి సీరియల్ నంబర్లను వరుసగా కాకుండా యాదృచ్ఛికంగా ఇచ్చే ర్యాండమ్-సీరియల్-నంబర్స్ ఆప్షన్ ఉంది. పెట్టుకోండి, మంచిదే. కానీ దాన్నే పరిష్కారం అనుకోవద్దు. సీరియల్ ఢీకొనడం ఆగుతుంది గానీ, సీఏ పేర్లు ఒకటిగా ఉన్నంతకాలం సంతకం ఎర్రర్ వస్తూనే ఉంటుంది.

అయ్యాక రెండు సర్వర్ల ఇష్యూయర్, సీరియల్, ఫింగర్‌ప్రింట్ మళ్లీ ప్రింట్ చేసి పక్కపక్కన చూడండి. సర్వర్ మీద గెట్‌సర్ట్ లిస్ట్ కమాండ్ నడిపితే ప్రతి సర్టిఫికెట్ స్టేటస్ ‘మానిటరింగ్’ అని ఉండాలి. ఒంగోలు క్లయింట్‌లో కేఇనిట్ చేసి (కెర్బెరోస్‌తో లాగిన్ అయి), ఐపీఏ కమాండ్‌కు సర్వర్ పేరు చూపించే -వీ ఆప్షన్ ఇచ్చి పింగ్ కొడితే ఒంగోలు సర్వరే జవాబివ్వాలి. నెల్లూరు సర్వర్ పలికితే క్లయింట్ డీఎన్‌ఎస్ సెట్టింగ్ ఇంకా పాతదాన్నే చూస్తోందేమో గమనించండి.