రోహిణి కార్తె వారం: పగటి అంకెతో పాటు రాత్రి వేడినీ చూడండి

మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె ప్రవేశిస్తుంది. రోళ్ళు పగిలే ఎండలని పెద్దలు ఊరికే అనలేదు. నైరుతి రుతుపవనాలు మామూలుగా జూన్ 1 నాటికి కేరళను తాకుతాయి. అక్కడి నుంచి మన పొలాల మీదికి రావడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది. ఆ ఎదురుచూపు రోజులంటే నాకు భయం. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. వారిలో ఎక్కువ మంది కూలి పనికి వెళ్ళినవారు, ముసలివారు. వేళకు నీడ, నీళ్ళు, పలకరించే మనిషి ఉండి ఉంటే చాలామంది బతికేవారు.

ఈ వారంలో గాలి ఎటు నుంచి వీస్తోందో ముందు గమనించండి. వాయవ్యం నుంచి, పడమర నుంచి వచ్చే పొడి గాలి తెలంగాణ మీదుగా కోస్తా దాకా వేడిని మోసుకొస్తుంది. రామగుండం, రెంటచింతల ఎండలకు పేరుపడ్డ ఊళ్ళే. కానీ పడమటి గాలి బలంగా ఉన్న రోజున సముద్రపు గాలి ఒడ్డు దాటి లోపలికి రాలేదు. అప్పుడు ఒంగోలు, కావలి, మచిలీపట్నం కూడా అలాగే కాగిపోతాయి. సముద్రం పక్కనే ఉన్నాం కదా అన్న ధీమా ఆ రోజు పనికిరాదు. సముద్రపు గాలి వచ్చిన రోజు ఎండ కాస్త తగ్గుతుంది గాని ఉక్కపోత మొదలవుతుంది. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది, తేమ గాలిలో అది ఆరదు. అందుకే వాతావరణ శాఖ వడగాల్పులను లెక్కించేటప్పుడు మైదాన ప్రాంతాలకు 40 డిగ్రీలు, తీరానికి 37 డిగ్రీలు కనీస గీతగా పెట్టుకుంది. ఆ పైన మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువ ఉండాలి. 45 చేరితే మామూలుతో పోల్చే పని లేకుండా వడగాల్పులే.

టీవీలో చెప్పే ఆ అంకెను నేల నుంచి దాదాపు నాలుగు అడుగుల ఎత్తున, గాలి ఆడే తెల్లని పెట్టెలో, నీడలో కొలుస్తారు. తారు రోడ్డు మీద బండి నడిపేవారికి, మిరప కల్లంలో నిలబడ్డవారికి తగిలే వేడి అంతకంటే ఎక్కువ. ఇంకో మాట. అందరూ పగటి ఉష్ణోగ్రతే చూస్తారు. దాని కింద ఉండే రాత్రి అంకెనూ చూడండి. రాత్రి కూడా 30కి దిగకపోతే పగలంతా కాగిన ఒంటికి విశ్రాంతి దొరకదు. పైకప్పు రేకులదైతే, పగలు వేడి పీల్చుకున్న స్లాబు అయితే, ఆ గది బయటి కంటే వేడిగా ఉంటుంది. అలాంటి రాత్రులు వరుసగా రెండు మూడు గడిచాక ప్రమాదం పెరుగుతుంది. మొదటి రోజు తట్టుకున్నాం కాబట్టి నాలుగో రోజూ తట్టుకుంటామని అనుకోకండి.

పనివేళలు మార్చుకోవడమే అన్నిటికంటే పెద్ద జాగ్రత్త. తెల్లవారుజామున మొదలుపెట్టి పదకొండు లోపు ఆపేయాలి. మళ్ళీ సాయంత్రం నాలుగు దాటాకే. ఇది కూలీల చేతిలో ఉండే నిర్ణయం కాదు. మేస్త్రీలు, రైతులు, కాంట్రాక్టర్లు తీసుకోవాలి. మధ్యాహ్నం ఆపినందుకు కూలి కోస్తే ఎవరూ ఆపరు. కొత్తగా పనిలో చేరినవారిని, జ్వరం నుంచి లేచినవారిని మొదటి వారం బరువు పనికి పెట్టకండి. ఒళ్ళు ఎండకు అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. చల్లని దేశాల నుంచి సెలవులకు వచ్చి మర్నాడే పెళ్ళి ఊరేగింపుల్లో నడిచే మన పిల్లలకూ ఇదే వర్తిస్తుంది.

దాహం వేసేదాకా ఆగకుండా కొంచెం కొంచెంగా తాగుతూ ఉండండి. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, రాగి అంబలి, కొబ్బరినీళ్ళు మంచివి. ముంజలు, పుచ్చకాయ సరేసరి. ఓఆర్‌ఎస్ పొట్లం దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చెంచాలు తలకొట్టి కొలవాలి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు, నీరు తీసే మాత్రలు వాడేవారు ఎంత తాగాలో ముందే డాక్టరును అడగాలి. జేబులో ఉల్లిపాయ పెట్టుకోవడం మన వైపు పాత అలవాటు. పెట్టుకుంటే నష్టం లేదు, కానీ దాన్ని నమ్ముకుని నీళ్ళ సీసా మరిచిపోవద్దు.

మా నాయనమ్మ మధ్యాహ్నం కాగానే తడి గోనెపట్టా కిటికీకి కట్టి, గంటకోసారి నీళ్ళు చిలకరించేది. పొడి వేడి ఉన్న ఊళ్ళలో ఇప్పటికీ అంతకంటే చవకైన ఉపాయం లేదు. ఉక్కపోత రోజుల్లో మాత్రం అది ఇంకా తేమ పెంచుతుంది. గది 40 దాటితే ఫ్యాను వేడి గాలినే ఒంటి మీదికి కొడుతుంది. ఒళ్ళు తడిగుడ్డతో తుడుచుకుంటూ దాని కింద కూర్చోవాలి. పిల్లలు పట్నాలకు, విదేశాలకు వెళ్ళిపోయి ఒంటరిగా మిగిలిన ముసలివారు మీ వీధిలో ఎవరున్నారో ఒకసారి తలచుకోండి. మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి తలుపు తట్టండి. బాగున్నారా అని అడిగితే బాగున్నామనే అంటారు. లోపలికి వెళ్ళి, ఒక గ్లాసు మజ్జిగ చేతికిచ్చి, తాగేదాకా కూర్చోండి. మాట తడబడుతోందా, పొద్దుటి నుంచి మూత్రానికి వెళ్ళారా లేదా గమనించండి. దూరాన ఉన్న పిల్లలు ఫోను చేసి ఊరుకోకుండా, ఈ పని పక్కింటివారికి అప్పగించాలి.

కండరాలు పట్టేయడం, తల తిరగడం, వాంతి వచ్చేలా ఉండడం ముందస్తు గుర్తులు. అక్కడే పని ఆపి నీడకు చేరాలి. పొంతన లేని మాటలు, తూలిపోవడం, స్పృహ తప్పడం, కాలిపోతున్న ఒళ్ళు వడదెబ్బ లక్షణాలు. చర్మం పొడిబారుతుందని చాలామంది అనుకుంటారు. కష్టం చేస్తూ పడిపోయినవారికి చెమట ఉండొచ్చు కూడా, కాబట్టి చెమట చూసి మోసపోవద్దు. 108కి ఫోను చేయండి. బండి వచ్చేదాకా చూస్తూ కూర్చోకుండా బట్టలు వదులు చేసి ఒళ్ళంతా నీళ్ళు పోయండి, విసరండి. మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో మంచు ముక్కలు గుడ్డలో చుట్టి పెట్టండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు. జ్వరం మాత్ర ఈ వేడిని దించదు.

ఇంత ఎండ కాసిన సాయంత్రాల్లోనే ఒక్కసారిగా మబ్బు కమ్మి ఈదురుగాలులు, పిడుగులు వస్తాయి. చల్లబడిందని అందరూ బయటికి వస్తారు. మామిడి తోటల్లో రాలిన కాయల కోసం పిల్లలు పరిగెడతారు. మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్పై సెకన్ల కంటే తక్కువ ఉంటే పిడుగు మీ దాకా రాగలదు. చెట్టు కింద, చెరువు గట్టున, విద్యుత్ స్తంభం పక్కన నిలబడకండి. పక్కా ఇంట్లోకి గాని, తలుపులు మూసిన కారు, బస్సులోకి గాని వెళ్ళండి. పుణె పరిశోధకులు తయారుచేసిన దామిని యాప్ మీ చుట్టుపక్కల పిడుగుల జాడ చూపిస్తుంది. ఫోనులో పెట్టుకోండి, కాపరుల ఫోన్లలోనూ పెట్టించండి. ఆఖరి ఉరుము వినబడ్డాక అరగంట ఆగి, అప్పుడు పశువులను తోలుకురండి.